కత్తిపీటకు మూడు లీటర్ల నువ్వుల నూనె

టీ చల్లారినా ఫరవాలేదు, ముందు ఇది వినండి! మా ఆవిడ కత్తిని పోయిన శనివారం నా నోటితో నేనే, పేరూ రాశీ నక్షత్రమూ చెప్పి మరీ, వదులుకుని వచ్చాను. అదీ నవ్వుతూ! అదీ ఊళ్లో సగం మంది చూస్తుండగా! ముప్పై ఆరేళ్లు పత్రికాఫీసు డెస్కు మీద కూర్చుని, కాపీలో 'ఎవరు, ఎక్కడ, ఎప్పుడు' లేకపోతే రిపోర్టరు ముఖాన కొట్టిన మనిషిని నేను. అలాంటిది నా కళ్లముందు జరుగుతున్న వార్తలో 'ఎవరు' అన్నది నేనేనని తెలుసుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

మొదటినుంచీ చెప్తాను.

మాది తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై. ఆడికృత్తిక పండుగకు కావళ్లు మోసుకుని తిరుత్తణి కొండకు నడిచే జనం కొంతమంది మా ఊరి మీదుగానే పోతారు. వాళ్లకు మా ఊరి శివుడి గుడిలో అన్నదానం. కూరగాయలు తరిగే పని మా వీధి ఆడవాళ్లది. వాళ్లకు నాయకురాలు మా ఆవిడ కస్తూరి. ఆ నాయకత్వం ఓట్లతో వచ్చింది కాదు, కత్తిపీటతో వచ్చింది. వాళ్ల నాయన మునస్వామి నాయుడు లారీ కమాను పట్టీ సాగగొట్టించి, పెళ్లికి చేయించి ఇచ్చిన కత్తిపీట. అడుగు పొడవు కత్తి, కొడవలిలా వంపు, మొదట్లో చిన్న నెలవంక గుర్తు. మిగతావాళ్లు ఒక గుమ్మడికాయ కోసేలోపల ఆమె మూడు కోసి, నాలుగోదాని కోసం చెయ్యి చాపుతుంది.

పండుగ బుధవారం. దానికి వారం ముందు కస్తూరి అంది: "కత్తి కొంచెం మొద్దుబారింది. తిరుత్తణిలో సాన పట్టించుకోని రాండి."

తిరుత్తణి దాకా ఎందుకు? ఇంట్లో గ్రైండర్ ఉంది కదా! గేటుకున్న తుప్పు గీకడానికి కొన్నది, గేటు అయిపోయాక మూలన పడి ఉంది. కస్తూరి గుడికి పోగానే కత్తిని పీటనుంచి ఊడదీసి, గ్రైండర్ ఆన్ చేశాను. అబ్బ, ఆ నిప్పురవ్వలు చూడాలి! రెండే నిమిషాలు. అంచు తళతళా మెరిసింది. మెరుపు వెనకే అంచు పొడవునా ఒక నీలం రంగు పాకింది. నెమలి మెడ రంగు! ఎంత బాగుందో అని ఫోటో కూడా తీశాను.

దోసకాయ కోశాను, తెగింది. అరటికాయ కోశాను, తెగింది. గుమ్మడికాయ మీద పెట్టి నొక్కాను. కాయ అలాగే ఉంది, కత్తి అంచు కాగితంలా మడత పడింది.

మా ఊళ్లో కమ్మరి కొట్టం బస్టాపు దగ్గర, శివుడి గుడి ప్రహరీని ఆనుకుని ఉంటుంది. మునిరత్నం ఆచారిది. ఆయన కత్తిని వెలుతురుకు పట్టి చూసి, నన్ను చూశాడు.

"ఎవురు సామీ దీన్ని చంపింది?"

"గ్రైండర్."

"గ్రైండర్ అదే నడుచుకోని వచ్చిందా?"

ఆచారి చెప్పినాడు: ఆ నీలం రంగు వచ్చిందంటే ఉక్కుకు కాక ఎక్కువై గట్టిదనం పోయినట్టు. మళ్లీ ఎర్రగా కాల్చి, మడత సాగగొట్టి, నూనెలో ముంచి చల్లారిస్తే గట్టిపడుతుంది. ఆ తర్వాత ఇంకోసారి సన్నగా కాక చూపాలి. అంతే, గంట పని.

అక్కడ నేను 'సరే' అనేసి ఉంటే ఈ కథ లేదు. కాని నేను అడిగాను: "ఏ నూనెలో?"

ఆచారి మూలనున్న డబ్బా చూపించినాడు. "బండినూనె. మెకానిక్ షెడ్డులో దించింది. నేను పని నేర్చినకాడినుంచి దాంట్లోనే."

తొంగి చూశాను. నల్లగా, చిక్కగా, పైన ఏదో రెక్కల పురుగు తేలుతూ. అన్నదానానికి కూరగాయలు తరిగే కత్తిని ఇందులో ముంచడమా? పైగా ఒక్క మనిషి మాట మీద వార్త వెయ్యడం నాకు అలవాటు లేదు. కనీసం రెండు చోట్ల కనుక్కోవాలి. "రెండు రోజులు ఆగు ఆచారీ, ఏ నూనె మంచిదో నేను తేలుస్తా" అన్నాను.

"నూనె ఏదైనా ఒకటే సామీ, చెయ్యి తెలిసుండాల" అన్నాడు. ఆ మాట కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నాను, పక్కన ప్రశ్నార్థకం పెట్టి.

ఇంటికి పోయి కస్తూరికి అబద్ధం చెప్పాను. "సానవాడు చాలా బిజీ. సోమవారం ఇస్తాడంట."

"బుధవారం పండగ."

"సోమవారం ఖాయం."

"పండగనాడు కత్తి లేకుండా నేను గుడికి పోను. నా వెంట తరిగే ఆ పిల్లలందరి ముందర చాకు పట్టుకోని కూర్చుంటానా?" అంది. అది చాలు. ఇక నాకున్నది ఒకే పని: ఎలాగైనా సోమవారానికి ఆ కత్తి మళ్లీ పీట మీద నిలబడాలి, అదీ మునుపటి గట్టిదనంతో.

మొదటి ఫోను కస్తూరి తమ్ముడు గోపాల్‌కు. కవరైపేట్టై దగ్గర ఇనుప సామాను చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ వాడు.

"అయ్యో బావా, దానికి స్పెషల్ ఆయిల్ ఉండాది! ఎన్ని సెకన్లలో చల్లారుస్తాదో కొలిచి, గ్రేడులు వేసి అమ్ముతారు. నీళ్లలో ముంచితే మరీ స్పీడు, పగిలిపోతాది. చిక్కటి నూనెయితే మరీ స్లో, మెత్తగా ఉండిపోతాది. మధ్యలో ఉండాల."

"శభాష్! ఒక మూడు లీటర్లు తెచ్చిపెట్టు."

"డ్రమ్ములో వస్తాది బావా. ఇంతకూ కత్తులెన్ని?"

"ఒకటి."

గోపాల్ గొంతు తగ్గించి అడిగినాడు: "బావా... అక్కకు తెలుసునా?"

రెండోది ఇంటర్నెట్. గడ్డపాయన ఒకాయన, ఏ దేశమో, కనోలా నూనె వాడమన్నాడు. బస్సెక్కి తిరుత్తణికి పోయి పెద్ద దుకాణంలో అడిగాను. దుకాణదారు కళ్లద్దాలు తీసి, నా వంక జాలిగా చూసినాడు.

"గుండెకు ఆపరేషన్ ఎవురికి సార్? మీకేనా?"

గుండెజబ్బు వచ్చినవాళ్లు తప్ప ఆ నూనె అడిగినవాళ్లు లేరట. కత్తికి అని చెప్పాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, తర్వాత మనిషి వైపు తిరిగినాడు.

ఇక లాభం లేదు, నేనే పరీక్ష పెట్టాలి! శుక్రవారం పొద్దున కస్తూరి అన్నదానం గిన్నెలు తోమించడానికి గుడికి పోయింది. నేను ఇంట్లోంచి ఐదు చెంబులు తీసుకుని ఆచారి కొట్టానికి పోయాను. బండినూనె, ఆముదం, కొబ్బరినూనె, వేరుశెనగ నూనె, నువ్వుల నూనె. పాత కమాను పట్టీ ఒకటి ఐదు ముక్కలు కోయించాను. గోపాల్ ఇంకో కిటుకు చెప్పినాడు: నూనె చల్లగా ఉంటే చిక్కగా ఉంటుంది, వెచ్చజేస్తే పలచబడి ఇనుమును ఇంకా తొందరగా చల్లారుస్తుంది. వెచ్చటి నూనె తొందరగా చల్లారుస్తుందా! నాకు ఒళ్లు పులకరించింది. ఐదు చెంబులూ పొయ్యి పక్కన వరసగా పెట్టాను.

ఏ ముక్క ఏ నూనెదో కలిసిపోకూడదు కదా? ప్రతి ముక్క మీదా స్కెచ్ పెన్నుతో పేరు రాశాను. గుండ్రటి అక్షరాలు. ఆచారి తిత్తి తిప్పుతూ చూస్తూ ఉన్నాడు. ముక్కలు కాలాయి, మునిగాయి, బయటికొచ్చాయి. ఐదూ ఒకే నలుపు. ఒక్క అక్షరం లేదు.

"మంటలో పెట్టే ఇనుముకు పెన్నుతో పేరు రాస్తే ఉంటాదా సామీ?"

"ముందే చెప్పొచ్చు కదా!"

"మీరు చదువుకున్నోరు. ఏదన్నా స్పెషల్ పెన్నేమో అనుకున్న్యా."

మళ్లీ మొదలు. ఈసారి ఆచారి ఉలితో గాట్లు పెట్టినాడు. ఒక గాటు, రెండు గాట్లు, అలాగ ఐదు. చల్లారినాక ఒక్కోదాని మీదా ఆకురాయి రుద్దాను. ఉక్కు గట్టిపడితే ఆకురాయి పట్టదు, జారిపోతుంది. ఆముదం ముక్కను ఆకురాయి కొరికింది. వెచ్చజేసినా ఆముదం చిక్కగానే ఉంది. బండినూనెది బాగా గట్టిపడింది, కాని ఆ కంపుకు కొట్టం ముందు పడుకునే కుక్క లేచి రోడ్డు దాటి పోయింది. కొబ్బరినూనెది గట్టిదే, కాని అది ఇంట్లో ఉన్న ఒకే ఒక సీసా, కస్తూరి తలకు రాసుకునేది. మిగిలినవి వేరుశెనగ, నువ్వులు. రెండింటి మీదా ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది!

సమానం. ఎలా తేల్చడం? వేరుశెనగ నూనెలో ముంచినప్పుడు వచ్చిన వాసనకు బస్టాపులో ఉన్న ఆటో డ్రైవరు తొంగి చూసి, "ఆచారీ, బజ్జీలా? నాకు రెండు ప్లేట్లు" అన్నాడు. కొట్టంలో అంత వాసన వస్తే పక్కనే గుడిలో ఉన్న కస్తూరి రాకుండా ఉంటుందా? నోట్‌బుక్‌లో రాసి రెండు గీతలు గీశాను: 'తీర్పు: నువ్వుల నూనె. వెచ్చగా. మూడు లీటర్లు.'

పాత్ర? వంపు కత్తి పడుకోవాలంటే వెడల్పుగా ఉండాలి. ప్లాస్టిక్ కరుగుతుంది. మళ్లీ తిరుత్తణికి పోయి కొత్త ఇనుప చట్టి తెచ్చాను. అది చూసి ఆచారి చెవి గోక్కున్నాడు.

"ఇనుప చట్టి... నల్లెణ్ణె..." అన్నాడు. నువ్వుల నూనెకు మా వైపు మాట అది. "రేపు శనివారం సామీ."

"అయితే ఏం?"

"ఏం లేదు. ఆదివారం పెట్టుకుందామా?"

"ఆచారీ! ఉక్కుకు వారాలు తెలియవు!" అన్నాను. ఎంత బాగా చెప్పానో అనిపించింది, హెడ్డింగులా.

"నిజమే సామీ. ఉక్కుకు తెలవదు" అన్నాడు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నర. కత్తి పొయ్యిలో ఎర్రబడింది. నేను ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం తీసుకుపోయాను. ఉక్కు సరైన కాకకు వస్తే అయస్కాంతానికి అంటుకోదు. అంటుకుంది... అంటుకుంది... అంటుకోలేదు! "ముంచు ఆచారీ!" అని అరిచాను. ఆయన అప్పటికే ముంచేశాడు. జుయ్‌మని మోత, ఒక మంట నాలుక పైకి లేచి పడిపోయింది, కొట్టం నిండా పొగ. కాసేపాగి పట్టకారుతో పైకి లేపి ఆకురాయి తాకించినాడు. జారింది! నేను ఎగిరాను. నిజంగానే ఎగిరాను, అరవై మూడేళ్ల మనిషిని.

"ఇప్పుడిది గాజు సామీ" అన్నాడు ఆచారి, కత్తిని మళ్లీ నూనెలో పడుకోబెడుతూ. "గట్టిగా తగిలితే పగిలిపోతాది. నూనెలోనే ఆరనీ. ఆరినాక సన్నగా కాక చూపించి, ఆ పెళుసుదనం దించాల. అంతదాకా ఎవురినీ ముట్టనీకు."

పొగకు కళ్లు మండుతున్నాయి. ఇద్దరం గుడ్డలు పట్టుకుని చట్టిని బయటికి తెచ్చాం. నీడ ఉన్నది ఒక్క చోటే: గుడి ప్రహరీ పక్కన రాతి తిన్నె. అక్కడ పెట్టాం. ఆచారి లోపలికి పోయి పార ఒకటి సుత్తితో కొట్టడం మొదలుపెట్టినాడు. నాకేమో గోపాల్‌కు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. కొట్టం దగ్గర సిగ్నల్ లేదు. బస్టాపు దాటి టీకొట్టు దాకా నడిచాను.

"గోపాల్! జారింది! గాజు మీద జారినట్టు జారింది!"

"ఏమి జారింది బావా? ఎవురు జారినారు? దెబ్బ తగిలిందా?"

వాడికి అంతా చెప్పి, టీ తాగి, ఇంకోసారి చెప్పి తిరిగి వచ్చేసరికి ముప్పావుగంట. తిన్నె మీద చట్టి లేదు. ఆచారి లోపల పెట్టినాడు కాబోలు అనుకున్నాను. కొట్టంలోంచి సుత్తి మోత వస్తూనే ఉంది.

ఇంతలో గుడి వాకిట్లో గుంపు కనిపించింది. గుంపు కనిపిస్తే నా కాళ్లు ఆగవు, ఉద్యోగం వదిలినా. దగ్గరికి పోయాను. నవగ్రహాల ముందు నల్లగుడ్డ చుట్టిన పెద్ద పాత్ర. నిండా నూనె, మీద నల్లనువ్వులు, శంఖుపూలు తేలుతున్నాయి. ఒక్కొక్కరూ వంగి అందులో ముఖం చూసుకుని, కళ్లకు అద్దుకుని పక్కకు జరుగుతున్నారు. శనిదోషం ఉన్నవాళ్లు శనివారం ఇనుప గిన్నెలో నువ్వుల నూనె పోసి, అందులో ముఖం చూసుకుని, గిన్నెతో సహా శనీశ్వరుడికి ఇచ్చేస్తారు. ఎప్పుడూ ఉండేదే. కాని ఇంత పెద్దది నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరిదమ్మా?" అని ముందున్న ముసలామెను అడిగాను.

"ఎవురిదో నాయనా. తిన్నె మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఎళ్లిపోయినాడంట. పూజారి గురుక్కళ్ లోపలికి తెప్పించినాడు. ఇంత నూనె పోసినాడంటే ఎంత పెద్ద దోషమో, పాపం!"

"పాపం" అన్నాను నేను కూడా, మనస్ఫూర్తిగా.

"అడుగున ఇనుము కూడా పెట్టినాడు. నువ్వూ మొకం చూసుకో నాయనా, మంచిది."

నాకు ఈ నమ్మకాలు లేవు. కాని పెద్దామె చెప్పింది కదా అని వంగాను. నల్లటి నూనెలో నా ముఖం, పక్కన ఒక శంఖుపువ్వు. నూనె బాగుంది. ఎవరో మంచి నూనే పోశారు, కల్తీ లేదు అనుకున్నాను. వేలు తగిలింది, గోరువెచ్చగా ఉంది. ఎండకు అనుకున్నాను. అన్నీ గమనించాను చూడండి! ఒక్కటీ వదల్లేదు!

పూజారిగారు, మేం గురుక్కళ్ అంటాం, నన్ను చూడగానే ముఖం వికసించింది. "సార్! వచ్చేశారా! మీ కోసమే ఆపి పెట్టినా. సీక్రం, తొందరగా చెప్పండి, పేరు?"

వచ్చినవాళ్లందరికీ చేసే అర్చన అనుకున్నాను. "జగన్నాథం."

"రాశి?"

"వృశ్చికం."

"నక్షత్రం?"

"అనూరాధ."

ముసలామె రెండు చేతులూ బుగ్గలకు పెట్టుకుంది. గుంపంతా నన్నే చూస్తోంది. ఇంత గౌరవమేమిటా అనుకుంటూ నవ్వాను. గురుక్కళ్ మంత్రం చదివి, చట్టి ఎత్తి, నూనెను ధారగా శనీశ్వరుడి తలమీద పోయడం మొదలుపెట్టినాడు. చట్టి వంగింది. నూనె తగ్గింది. అడుగున నల్లగా, వంపుగా ఏదో జరిగి అంచుకు వచ్చింది. దాని మొదట్లో ఒక చిన్న నెలవంక.

"అది నాది!" అని కేక వేశాను.

"మీదే సార్" అన్నాడు గురుక్కళ్, ధార ఆపకుండా. "ఆచారిని కేకేసి అడిగితే, సుత్తి ఆపకుండానే మీదే అన్నాడు. అందుకే కదా మీ పేరున చేసినా."

"లేదు, అది... నేను... ఆరబెట్టాను!"

ముసలామె పక్కామెతో అంది: "దోషం ముదిరితే ఇట్లనే మాట్లాడతారు."

నేను నోరు తెరిచేలోపల గురుక్కళ్ కత్తి తుడిచి ఎవరి చేతికో ఇచ్చేశాడు. "ఇనుము వంటింటికి. బుధవారం అన్నదానానికి పనికొస్తుంది." కత్తి లోపలికి పోయింది. మరుక్షణం వంటింట్లోంచి నాకు బాగా తెలిసిన గొంతు వినిపించింది.

"ఇది మా నాయన కత్తి గదా!"

ఆమె గొంతు కంటే నన్ను పరుగెత్తించింది ఆచారి మాట. ఇప్పుడిది గాజు! పోయేసరికి కస్తూరి ఎవరిదో ఖాళీ పీట లాక్కుని, కత్తి బిగించి, కాలితో నొక్కి పట్టి కూర్చుంది. కత్తి దక్కిన సంతోషంలో, పదును చూద్దామని, అన్నదానానికి వచ్చిన ఒక పెద్ద గుమ్మడికాయ రెండు చేతులా ఎత్తి ఉంది.

"వద్దు! కొయ్యొద్దు! పగిలిపోతుంది! ముక్క కంట్లో పడుతుంది!"

కాయ గాల్లో ఆగింది. గిన్నెలు తోముతున్న పదిమంది ఆడవాళ్ల చేతులు ఆగాయి. కస్తూరి కాయ దించి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"తిరుత్తణిలో సానవాడి దగ్గరుండాల్సింది ఈడికెట్ల వచ్చింది?"

వార్తలో ముఖ్యమైనది మొదటి వాక్యంలో చెప్పాలని కుర్రాళ్లకు నేర్పినవాణ్ణి. చెప్పాను. "గ్రైండర్."

"ఎప్పుడు?"

"నువ్వు గుడికి పోయినప్పుడు."

"నిన్న మన చెంబులు ఐదు కనపడలేదు."

"అదీ నేనే."

"నా కొబ్బరినూనె?"

"అదీ."

"గోపాల్ పొద్దున ఫోన్ చేసి, 'అక్కా, బావ ఆరోగ్యం బాగుందా' అని అడిగినాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది" అంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కస్తూరి మాత్రం నవ్వలేదు. కత్తి మీద నెలవంకను బొటనవేలితో రుద్దింది. "మా నాయన దీనికోసం ఆచారి కొట్టంలో దినమంతా కూర్చున్నాడు" అని మెల్లగా అంది. తర్వాత తలెత్తి, "సరే. ఇప్పుడు ఏం చెయ్యాల?" అంది.

ఆచారిని పిలుచుకొచ్చాం. ఆయన కత్తిని కొట్టానికి తీసుకుపోయి, ఒక పక్క తెల్లగా మెరిసేలా రాపి, వీపు కింద ఎర్రగా కాలిన ఇనుప కడ్డీ ఆనించినాడు. కాక పాకేకొద్దీ ఉక్కు రంగు మారుతుంది. సరైన రంగు దగ్గర ఆపితే పెళుసుదనం పోయి గట్టిదనం మిగులుతుంది. కొంచెం దాటితే మళ్లీ నీలం, మళ్లీ మెత్తన. నేను నోట్‌బుక్ తీశాను. "లేత గడ్డి రంగు అంటారు, దాని తర్వాత..."

"పొగలో నాకు రంగు ఆనడం లేదు సామీ" అన్నాడు ఆచారి. పొద్దుటినుంచి పొగ తిని ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా కళ్లజోడుకు నూనె మరకలు.

కస్తూరి ఇద్దరినీ జరగమని ముందుకు వంగింది. "ఉల్లిపాయ వేగేటప్పుడు వచ్చే రంగే గదా? ఇది చూసేకి పుస్తకమెందుకు?" కన్ను ఆర్పకుండా చూస్తూ, "ఆగు... ఇంకా పచ్చిగానే ఉంది... ఆగు ఆచారీ... ఆ, చాలు! తీసెయ్!"

తీసేసి, ఆచారి చట్టి కోసం చూశాడు. అడుగున ఇంకా చాలా నూనె ఉంది. కాని అది గుడి వాకిట్లో, గురుక్కళ్ పక్కన ఉంది. "ఇప్పుడది సామి నూనె. అడిగి ముంచల్ల" అన్నాడు. నా నూనెలో నా కత్తిని ముంచుకోవడానికి నేను పరుగెత్తిపోయి గురుక్కళ్‌ను అనుమతి అడిగాను. ఆయన పెద్దమనసు చేసుకుని ఇచ్చినాడు.

తర్వాత, ఆచారి సాన పట్టినాక, గుమ్మడికాయ. కస్తూరి కాయను కత్తి మీద పెట్టి దించింది. టక్! రెండు ముక్కలు అటొకటి ఇటొకటి దొర్లిపోయాయి. అంచు చూశాం. మడత లేదు, పెచ్చు లేదు, గీత లేదు! ఆడవాళ్లు ఒకటే కేకలు. నేను మళ్లీ ఎగిరాను. "నువ్వుల నూనె!" అని అరిచాను. "వెచ్చగా!"

ఆ సంతోషంలో కత్తికోసం చెయ్యి చాపాను. గురుక్కళ్ అడ్డం వచ్చినాడు. "సార్, శనీశ్వరుడికి ఇచ్చింది ఇంటికి తీసుకుపోకూడదు."

నేను కస్తూరి వైపు చూశాను, తన నాయన కత్తి కోసం వాదిస్తుందని. ఆమె చెంపలు వేసుకుంది. "అయ్యో స్వామీ, ఇంటికా! ఈ మనిషి దోషమంతా ఇందులో దిగుండాది. ఈడనే ఉండనీ. నేనే వచ్చి తరుగుతా."

అలాగే బుధవారం ఆ కత్తితోనే తరిగింది. మూడు కాయలు కోసి నాలుగోదానికి చెయ్యి చాపింది, ఎప్పటిలాగే.

అయిపోలేదు. మా వైపు గుడికి ట్యూబ్‌లైటు ఇచ్చినా దాని మీద 'ఉపయం' అని, ఇచ్చినవాడి పేరు పెద్దక్షరాల్లో రాయిస్తారు. పేరు సందుల్లోంచి కాస్త వెలుతురు వస్తుంది. కత్తిపీటకూ రాయించాలని గురుక్కళ్ పెయింటర్ను పిలిచినాడు. నిజం చెప్తున్నాను, పెయింటర్ కంటే ముందే నేను పోయి పీట పక్కన నిలబడ్డాను. డెస్కు వాళ్లకు పేరు పడదు. ముప్పై ఆరేళ్లలో అచ్చులో ఒక్కసారి కూడా నా పేరు పడలేదు! గొంతు సవరించుకుని చెప్పాను: "రాసుకో. ఉపయం: కె. జగన్నాథం..."

"కత్తి మా నాయనది" అంది కస్తూరి. "దాంట్లో మీదేముంది?"

గురుక్కళ్ ఇబ్బంది పడినాడు. "సార్ పేరుతో సంకల్పం అయిపోయింది కదమ్మా."

కస్తూరి ఆలోచించింది. న్యాయమైన మనిషి. "నూనె ఆయనదే. అది రాయండి."

పీట మీద ఇప్పుడు పసుపు పెయింటుతో రెండు వరసలున్నాయి. 'కత్తి: మునస్వామి నాయుడు. నూనె: కె. జగన్నాథం.'

ఈ పొద్దున ఫోన్ వచ్చింది. గుడి వంటమనిషి. "సార్, పీట మీద చూసినాను. నూనె ఉపయం మీదే అంట గదా! ప్రదోషానికి వడలు. ఒక డబ్బా పంపిస్తారా?"

నాకు ఒక్కసారిగా హుషారు వచ్చింది. "నువ్వులదా, వేరుశెనగదా?"

"...వడకు సార్."

పక్కనే కూర్చుని చాకుతో బీన్సు తరుగుతున్న కస్తూరి, తలెత్తకుండా అంది: "వేరుశెనగ. వెచ్చజేయొద్దు, వాళ్లే చేసుకుంటారు."

ఇదిగో, ఈ సంచిలో ఉన్నది ఆ డబ్బానే. టీ తాగేసి ఇచ్చి రావాలి. నోట్‌బుక్‌లో పాత తీర్పు కొట్టేసి కొత్తది కూడా రాసుకున్నాను: 'వేరుశెనగ నూనె. ఒక డబ్బా. ప్రతి ప్రదోషానికీ.' నెలకు రెండు ప్రదోషాలని ఆ తర్వాత గుర్తొచ్చింది.